బడిలో ఫ్రెంచ్, జర్మన్: ఎంత వస్తుంది, ఎక్కడ పనికొస్తుంది

పిల్లల్ని ఆరో తరగతిలో చేర్పించేటప్పుడు బడి వాళ్లు ఇచ్చే దరఖాస్తులో 'మూడో భాష' అని ఒక గడి ఉంటుంది. హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి ఊళ్లలో కొన్ని సీబీఎస్ఈ బళ్లలో ఆ గడి ఎదురుగా తెలుగు, హిందీ, సంస్కృతంతో పాటు ఫ్రెంచ్, జర్మన్ కూడా కనిపిస్తాయి. తల్లిదండ్రులు అక్కడ కాసేపు ఆగుతారు. పక్కింటివాళ్ల అబ్బాయి జర్మనీలో ఎమ్మెస్ చేస్తున్నాడట. ఫ్రెంచ్‌లో మార్కులు ఇట్టే పడతాయట. సంస్కృతమైతే ఇంటర్లో కూడా అక్కరకొస్తుందట. ఈ 'అట'ల మధ్యే ఎక్కడో ఒకచోట టిక్కు పెట్టేసి ఫారం ఇచ్చేస్తారు. మూడేళ్ల తర్వాత ఆ పిల్లవాడికి ఏమొచ్చిందని అడిగితే పేరు, ఊరు చెప్పి, ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు ఒప్పజెప్పి ఊరుకుంటాడు. తప్పు పిల్లవాడిదీ కాదు, భాషదీ కాదు. ఎంత కాలానికి ఎంత భాష వస్తుందో ముందుగా ఎవరూ లెక్క వేసి చెప్పలేదు, అంతే.

ఆ లెక్క ఇప్పుడు వేద్దాం. యూరప్ భాషల్లో ప్రావీణ్యాన్ని కొలవడానికి 2001లో కౌన్సిల్ ఆఫ్ యూరప్ ఒక కొలబద్ద ప్రకటించింది. అందులో ఆరు మెట్లున్నాయి: ఏ1, ఏ2, బీ1, బీ2, సీ1, సీ2. ఏ1 అంటే పరిచయాలు, కొట్లో బేరం, టైమెంతని అడగడం. ఏ2లో రోజువారీ పనుల గురించి చిన్న చిన్న మాటలు వస్తాయి. బీ1 వస్తే ఆ దేశంలో ఒంటరిగా తిరిగినా నెట్టుకురావచ్చు. బీ2 వస్తే ఆ భాషలో ఉద్యోగం చేయవచ్చు, వాదించవచ్చు. సీ1 అంటే ఆ భాషలోనే డిగ్రీ చదవగలిగే స్థాయి. ఫ్రెంచ్‌లో ఈ మెట్లకు డెల్ఫ్, డాల్ఫ్ అనే పరీక్షలున్నాయి. జర్మన్‌లో గోథె సంస్థ పరీక్షలు బాగా ప్రసిద్ధం.

బీ2 దాకా రావడానికి 45 నిమిషాల పీరియడ్లు 600 నుంచి 800 దాకా కావాలని గోథె సంస్థ అంచనా. బడిలో మూడో భాషకు వారానికి నాలుగు పీరియడ్లు ఇస్తారనుకుందాం. ఏడాదికి 35 వారాలు బడి నడిస్తే 140 పీరియడ్లు. అందులోంచి యూనిట్ టెస్టులు, వార్షికోత్సవం రిహార్సళ్లు, టీచర్ సెలవులు తీసేస్తే 110 మిగిలితే అదృష్టమే. ఆరు నుంచి ఎనిమిది దాకా మూడేళ్లు కలిపితే 330. కాగితం మీద చూస్తే ఇది ఏ2కు చేర్చాల్సిన కాలం. కానీ గోథె లెక్క, కోరి చేరిన కొద్దిమందితో నడిచే తరగతికి వేసింది. నలభై మంది ఉన్న గదిలో నలభై నిమిషాల పీరియడ్‌లో టీచర్ ఒక్క మాట మాట్లాడకుండా కూర్చున్నా, ఒక్కో పిల్లవాడి నోటికి దక్కేది ఒక్క నిమిషం. కాబట్టి మంచి టీచర్ ఉన్న మంచి బడిలో కూడా ఎనిమిదో తరగతి చివరికి గట్టి ఏ1 వస్తే సంతోషించాలి. ఏ2 గడప తొక్కితే ఆ టీచర్‌కు దండం పెట్టాలి.

తొమ్మిది, పది తరగతుల్లో కొనసాగిస్తే? సీబీఎస్ఈ పదో తరగతిలో ఫ్రెంచ్, జర్మన్ రెండూ ఉన్నాయి. 80 మార్కుల రాతపరీక్ష, 20 మార్కులు బడిలోనే వేసే అంతర్గత మూల్యాంకనం. రాతపరీక్షలో చదివి అర్థం చేసుకోవడం, ఉత్తరం రాయడం, వ్యాకరణం, పాఠంలోని ప్రశ్నలు ఉంటాయి. నోరు తెరిచి మాట్లాడే పని ఏదైనా ఉంటే ఆ 20 మార్కుల్లోనే. అందుకే ఉత్తరాల నమూనాలు బట్టీ పట్టి, ఖాళీలు పూరించడం సాధన చేసి నూటికి తొంభై ఐదు తెచ్చుకున్న పిల్లలు, ఎదురుగా ఫ్రాన్స్ నుంచి వచ్చిన మనిషి నిలబడి మాట్లాడితే బిత్తరపోతారు. మార్కులు అబద్ధం కావు, అవి కొలిచింది వేరే దాన్ని. మార్కుల కోసమే తీసుకున్నామని తెలిసి తీసుకుంటే అందులో తప్పేమీ లేదు. మార్కులు వచ్చాయి కాబట్టి భాష వచ్చిందనుకుంటేనే చిక్కు.

ఇక నిబంధనల సంగతి. 'మూడో భాష' గడిలో ఏం ఉండాలన్నది మన దేశంలో ఎప్పుడూ రాజకీయమే. 2011లో కేంద్రీయ విద్యాలయ సంఘటన్, గోథె సంస్థ ఒప్పందం చేసుకుని ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో జర్మన్‌ను మూడో భాషగా పెట్టాయి. దాదాపు 500 విద్యాలయాల్లో 70 వేలకు పైగా పిల్లలు చేరారు. 2014 నవంబరులో, విద్యా సంవత్సరం సగం దాటాక, కేంద్రం ఆ స్థానంలో సంస్కృతం పెట్టాలంది. బడిలో మూడు భాషలు నేర్పాలనే త్రిభాషా సూత్రంలో మూడో భాష భారతీయ భాషే కావాలన్నది వాదన. విషయం సుప్రీంకోర్టుకు వెళ్లింది. బ్రిస్బేన్‌లో జీ20 సమావేశంలో జర్మనీ ఛాన్సలర్ మెర్కెల్ మన ప్రధాని దగ్గర ఈ మాట ఎత్తారు. చివరికి ఆ ఏడాది పిల్లలకు సంస్కృతం పరీక్ష పెట్టబోమని కేంద్రం కోర్టుకు చెప్పింది. 2015లో జర్మన్ 'అదనపు భాష'గా మళ్లీ వచ్చింది. నా మటుకు, సూత్రం విషయంలో కేంద్రం వాదనకు బలముంది. ఏడాది మధ్యలో పిల్లల చేతిలోంచి పుస్తకం లాక్కున్న తీరుకు మాత్రం సమర్థన లేదు.

2020 జాతీయ విద్యావిధానం ఈ దారినే ఖాయం చేసింది. మూడు భాషల్లో కనీసం రెండు భారతీయ భాషలు కావాలి. ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్, పోర్చుగీస్, రష్యన్, జపనీస్, కొరియన్, థాయ్ లాంటివి సెకండరీ స్థాయిలో అందుబాటులో ఉంచాలి. వినడానికి ఉదారంగానే ఉంది. కానీ ఇంగ్లిష్ కూడా ఈ లెక్కలో విదేశీ భాషే. ఇంగ్లిష్ వదిలే బడి ఏదీ మనకు దొరకదు. ఇంగ్లిష్ పోగా మిగిలిన రెండూ మన దేశపు భాషలే కావాలంటే ఫ్రెంచ్, జర్మన్‌లకు మిగిలేది నాలుగో కుర్చీ. పైగా తెలంగాణలో 2018 చట్టం ప్రకారం ఏ బోర్డు బడి అయినా తెలుగు చెప్పి తీరాలి. అందువల్ల 'ఇంగ్లిష్, ఫ్రెంచ్ చాలు, తెలుగు అక్కర్లేదు' అని ఏ బడైనా చెబితే, పదో తరగతి దాకా ఏర్పాటు ఏమిటో రాతపూర్వకంగా అడగండి. మధ్యలో మారితే నష్టపోయేది పిల్లలే.

సరే, రెండింట్లో ఏది తేలిక? చాలామంది టీచర్లు దీనికి ఇంగ్లిష్ వైపు నుంచి జవాబు చెబుతారు. మన పిల్లలకు ఇంగ్లిష్‌తో పాటు తెలుగు కూడా ఉంది. ఆ తెలుగు చేసే సాయం చిన్నది కాదు.

జర్మన్‌లో పిల్లలు బెంబేలెత్తేది విభక్తుల దగ్గర. 'ఆ మనిషిని' అంటే 'డేన్ మన్', 'ఆ మనిషికి' అంటే 'డేమ్ మన్'. ఇంగ్లిష్‌లో ఈ తేడా నామవాచకం దగ్గర కనిపించదు, అందుకని ఇంగ్లిష్ మాత్రమే తెలిసినవాడికి ఎందుకు మారాలో తలకెక్కదు. తెలుగు పిల్లవాడు పుట్టిన దగ్గర్నుంచీ ని, కి వాడుతూనే ఉన్నాడు. 'ఇక్కడ ని వస్తుందా, కి వస్తుందా' అని ఒక్కసారి ఆలోచించమంటే చాలావరకు దారి దొరుకుతుంది. జర్మన్‌లో 'సాయం చేయడం'కు కి లాంటి విభక్తే వస్తుంది, 'అడగడం'కు ని లాంటిది. తెలుగులోనూ అంతేనని పిల్లలు గమనిస్తే సంబరపడతారు. అయితే అన్నిచోట్లా ఇలా కుదరదు, తేడా వచ్చే చోట్లు విడిగా నేర్చుకోవాల్సిందే. అలాగే జర్మన్ ఉపవాక్యంలో క్రియ చివరికి పోతుంది. 'వైల్ ఇష్ క్రాంక్ బిన్' అంటే 'ఎందుకంటే నేను జబ్బుగా ఉన్నాను'. మాట మాటకు అదే వరస. జర్మన్‌లో రాసింది రాసినట్టు చదవడం కూడా చాలామటుకు కుదురుతుంది, అది మనకు అలవాటైన పద్ధతే.

ఫ్రెంచ్ దీనికి తిరగబడి ఉంటుంది. చాలా మాటలు ఇంగ్లిష్‌లో ఎరిగినవే, కాబట్టి చదవగానే అర్థమైనట్టు ఉంటుంది. చెవికి మాత్రం అందదు. చివరి అక్షరాలు రాస్తారు గానీ పలకరు. 'మాట్లాడు' అనే క్రియకు నేను, నువ్వు, వాళ్లు అనే మూడు చోట్లా రాత వేరు, పలికేది ఒకే 'పార్ల్'. 97 అనాలంటే 'నాలుగు ఇరవైలూ పదిహేడూ' అనాలి. కొట్లో ఎవరైనా ధర చెబితే మనసులో కూడికలు చేసుకునేసరికి వెనక వాళ్లు గొణుగుతారు. అయితే ఫ్రెంచ్‌లో మనకు దొరికే లాభం ఒకటుంది. ఫ్రెంచ్ 'త', 'ద' మన త, ద లాగే దంతాలకు నాలుక తగిలించి పలకాలి, ఇంగ్లిష్ ట, డ లాగా కాదు. ప, క కూడా గాలి వదలకుండా మనం పలికినట్టే పలకాలి. ఇంగ్లిష్ యాసలో ఫ్రెంచ్ పలికించే టీచర్ కంటే ఈ ఒక్క విషయంలో తెలుగు నాలుకే నయం. ముక్కుతో పలికే అచ్చులు, పెదాలు సున్నా చుట్టి 'ఈ' అనే ధ్వని (ఇది జర్మన్‌లోనూ ఉంది) మాత్రం వినీ వినీ రావాల్సినవే.

లింగాల సంగతి రెండింటిలోనూ తలనొప్పే. బల్ల ఫ్రెంచ్‌లో స్త్రీలింగం, జర్మన్‌లో పుంలింగం. జర్మన్‌లో 'అమ్మాయి' అనే మాట నపుంసకం. విని నవ్వుకుంటాం గానీ, మన 'ఆమె వచ్చింది, బస్సు వచ్చింది' వింటే జర్మన్‌వాళ్లు కూడా నవ్వుతారు. దీనికి కిటుకు లేదు. మాట నేర్చినప్పుడే దాని ముందు వచ్చే చిన్న మాటతో కలిపి నేర్చుకోవాలి. మరోపక్క పెద్దవాళ్లను మీరు అనడం, తోటివాళ్లను నువ్వు అనడం రెండు భాషల్లోనూ ఉంది. ఇంగ్లిష్ వాళ్లకు నెలలు పట్టే ఈ మర్యాద మన పిల్లలకు ఒక్క పీరియడ్‌లో తెలిసిపోతుంది.

ఇదంతా తెలుగు బాగా వచ్చిన పిల్లల సంగతి. తెలుగు తీసేసి ఆ చోట జర్మన్ పెడితే, జర్మన్ నేర్చుకోవడానికి చేతిలో ఉన్న మంచి పనిముట్టునే పక్కన పడేసినట్టు.

ఈ రెండు భాషలూ మనకు కొత్త కూడా కాదు. ఫ్రెంచ్ సేనాని బుస్సీ కాలానికి ముందే ఫరాసులు తెలుగు నేలమీద అడుగుపెట్టారు. కాకినాడ పక్కనే ఉన్న యానాం 1954 దాకా ఫ్రెంచ్ పాలనలో ఉంది. జర్మన్ మతబోధకుడు బెంజమిన్ షుల్జ్ 1728లోనే తెలుగుకు వ్యాకరణం రాశాడు. తొలి తెలుగు అచ్చుపుస్తకాలు ఆయన చేతుల మీదుగా 1746లో జర్మనీలోని హాలె పట్టణంలోనే వెలువడ్డాయి.

ఇప్పుడు అసలు ప్రశ్న, ఎందుకు పనికొస్తుంది? 2023-24 శీతాకాల సెమిస్టర్ నాటికి జర్మనీలో భారతీయ విద్యార్థులు 49 వేల పైచిలుకు. విదేశీ విద్యార్థుల్లో మనవాళ్లదే అతిపెద్ద గుంపు. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటిలో ట్యూషన్ ఫీజు లేకపోవడం పెద్ద ఆకర్షణ. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం యూరప్ బయటివాళ్లకు సెమిస్టర్‌కు 1,500 యూరోలు. ఇంగ్లిష్‌లో నడిచే మాస్టర్స్ కోర్సులు చాలా ఉన్నాయి, వాటిలో సీటుకు జర్మన్ అక్కర్లేదు. పార్ట్‌టైమ్ పని, అద్దె ఇల్లు, చదువయ్యాక ఉద్యోగం దగ్గరికి వచ్చేసరికి కావాలి. బ్లూ కార్డు (చదువుకున్న విదేశీయులకు ఇచ్చే ఉద్యోగ అనుమతి) మీద పనిచేసేవాళ్లకు ఏ1 ఉంటే 27 నెలల తర్వాత, బీ1 ఉంటే 21 నెలల తర్వాత శాశ్వత నివాసం అడిగే వీలుంది. జర్మన్‌లో బీటెక్ స్థాయి చదువు చదవాలంటే సీ1 దరిదాపుల్లో ఉండాలి. నర్సులకు బీ2 కావాలి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్ నేర్పించి పంపే ఏర్పాటు చేసింది. వాళ్లు నేర్చుకునేది బడిలో కాదు, చదువయ్యాక నెలల తరబడి రోజంతా కూర్చుని. అంటే పెద్దయ్యాక అవసరం వచ్చి నేర్చుకున్నా బీ2 వస్తుందన్నమాట.

ఫ్రాన్స్ 2030 నాటికి 30 వేల మంది భారతీయ విద్యార్థులు రావాలని లక్ష్యం పెట్టుకుంది. ఫ్రెంచ్ రానివాళ్లకు ముందుగా భాష నేర్పే తరగతులు కూడా ప్రకటించింది. కెనడాకు వెళ్లాలనుకునే మనవాళ్లకు ఫ్రెంచ్ మరో దారి. 2023 నుంచి అక్కడి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ వలస పథకంలో ఫ్రెంచ్ వచ్చినవాళ్లకు ప్రత్యేకంగా ఎంపికలు జరుగుతున్నాయి. కానీ దానికి దాదాపు బీ2 స్థాయి కావాలి. పైగా డెల్ఫ్ పట్టా అక్కడ చెల్లదు, టెఫ్ కెనడా గానీ టీసీఎఫ్ కెనడా గానీ రాయాలి. బడిలో వచ్చిన తొంభై ఐదు మార్కులు ఈ గుమ్మాల్లో దేని దగ్గరా ఎవరూ అడగరు.

అలాగని వద్దనను. పదకొండు, పన్నెండేళ్ల వయసులో కొత్త ధ్వనులు పలకడానికి సిగ్గుపడరు, తప్పు మాట్లాడటానికి భయపడరు. అది పాతికేళ్లకు తిరిగి రాదు. అయితే చేర్పించే ముందు బడిలో కొన్ని సంగతులు కనుక్కోండి. టీచర్‌కు ఏ స్థాయి పట్టా ఉంది, ఎన్నేళ్లుగా అక్కడే ఉన్నారు, తొమ్మిదిలో కొనసాగుతుందా, దీనికోసం ఏ భాష వదులుకోవాలి. జవాబులు తడబడితే సంస్కృతమో హిందీయో హాయిగా తీసుకోండి. ఫ్రెంచ్, జర్మన్ తర్వాతైనా నేర్చుకోవచ్చు. హైదరాబాద్‌లో అలయన్స్ ఫ్రాన్సేజ్, గోథె జెంట్రుమ్ ఉన్నాయి, పెద్ద చదువుకైతే ఇఫ్లూ విశ్వవిద్యాలయం ఉంది.

చేర్పిస్తే మాత్రం బడి మార్కులతో ఆగకుండా ఎనిమిదో తరగతి అయ్యాక బయట ఏ1 పరీక్ష రాయించండి. మాట్లాడటం, వినడం కూడా పరీక్షిస్తారు కాబట్టి అసలు స్థాయి అక్కడ తేలుతుంది. డెల్ఫ్ పట్టాకు గడువు లేదు. గోథె పట్టాకూ గడువు లేదు గానీ చాలా సంస్థలు రెండేళ్లలోపుదే అడుగుతాయి. కాబట్టి బడి రోజుల్లో ఏ1, ఏ2 చాలు. బీ1, బీ2 పరీక్షల డబ్బు డిగ్రీ చివరి ఏడాదికి దాచి ఉంచండి.