గాదెలోని విత్తనముల శ్వాస

రైతులు గమనింపవలసిన విషయ మేమనగా, గాదెలోని విత్తనము జీవముగలది. అది సదా శ్వాసించుచుండును. వడ్లగింజ తనలోని పిండిపదార్థమును, వేరుశనగగింజ తనలోని నూనెను ప్రాణవాయువుతో దహించుకొని బొగ్గుపులుసు వాయువును, నీటియావిరిని, వేడిని విడుచును. పిండి దహించునపుడు పీల్చిన వాయువెంతయో విడిచినదియు నంతయే. నూనెకైతే 10 పాళ్లు పీల్చి సుమారు 7 పాళ్లే విడుచును.

శ్వాసవేగమును పరీక్షించు విధము: ఎండిన వడ్లను, తడిసిన వడ్లను సమానముగా రెండు సీసాలలో పోసి, ఒక్కొక్కదానిలో తేట సున్నపునీటి గిన్నె నుంచి బిగువుగా మూయవలెను. తడివడ్ల సీసాలోని నీరు ముందుగా పాలవలె తెల్లబడును. ఎంత త్వరగా తెల్లబడునో శ్వాస యంత హెచ్చు.

శ్వాస హెచ్చిన కుప్ప వేడెక్కును, బూజు పట్టును, మొలకశక్తి నశించును. కావున నూటికి తేమ విత్తనపు వడ్లలో 13 పాళ్లకు, వేరుశనగకాయలలో 9 పాళ్లకు మించకుండ నారబెట్టి, చల్లారిన పిమ్మటనే నిలువచేయవలెను.