చేత్తో కట్టుకున్న హ్యామ్ రేడియో: లోపం ఎక్కడుందో పట్టుకోవడం ఎలా?

పోయినేడాది మన సొసైటీ వార్షిక సమావేశంలో, భోజనాల దగ్గర, ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచి అడిగారు. "మాస్టారూ, ఆదివారం క్లాసు పిల్లల కోసం ఏదో రేడియో కిట్టు కొన్నామన్నారు. అది పలికిందా?" వినిపిస్తోంది గానీ పలకడం లేదండీ అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నారు. నాకు మాత్రం అన్నం సహించలేదు. దాతలు ఇచ్చిన డబ్బు బీరువాలో మూగగా పడి ఉందంటే దానికి జవాబుదారీ నేనే. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు నా జవాబు. ఇటువంటి కిట్టు కట్టే ఇతర బడుల వారికీ పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు అసలు రేడియో ఎందుకన్న సంగతి. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన మన ప్రాంతంలో పెద్దవాళ్ళు ఎవరూ మరిచిపోలేదు. దివిసీమతో పాటు ఇటు నిజాంపట్నం, రేపల్లె వైపు కూడా దెబ్బతింది. చనిపోయినవారు దాదాపు 10,000 మంది అని ప్రభుత్వ లెక్క. అప్పుడు నేను చిన్నవాణ్ణి. రేపల్లె నుంచి మా మేనత్త కబురు వచ్చేదాకా మా అబ్బా రోజూ తెనాలి స్టేషనుకు వెళ్ళి, ఆ వైపు నుంచి ఎవరొచ్చారా అని చూసేవారట. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు అందరి జేబుల్లోనూ ఫోన్లు ఉన్నాయి. కానీ కరెంటు పోయాక మా బంధువుల ఫోను ఆ రాత్రంతా కలవలేదు. నలభై ఆరేళ్ళ తరువాత నేనూ మా అబ్బా లాగే ఎదురుచూస్తూ కూర్చున్నాను.

హ్యామ్ రేడియోకి టవరు అక్కర్లేదు. ఒక బ్యాటరీ, ఒక తీగ, రెండు వైపులా లైసెన్సు ఉన్న మనుషులు ఉంటే చాలు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిన రోజున భారతి ప్రసాద్ గారు హ్యామ్ ప్రసారాల కోసమే పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నారు. ద్వీపాల నుంచి బయటి ప్రపంచానికి కబుర్లు అందించడంలో ఆమె రేడియో ఎంత పనికొచ్చిందో అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. ఆ యాత్ర ఏర్పాటు చేసినది 1983లో హైదరాబాదులో మొదలైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో.

మనం కొన్న కిట్టు పేరు బిట్‌ఎక్స్ 40. దీని రూపకర్త కూడా హైదరాబాదు మనిషే, అష్హర్ ఫర్హాన్ గారు. హ్యామ్ లోకంలో ఆయన పిలుపు గుర్తు వీయూ2ఈఎస్ఈ. బంజారాహిల్స్‌లోని లామకాన్ సాంస్కృతిక వేదిక స్థాపకుల్లో ఆయన ఒకరు. విదేశీ సెట్లు కొనే స్తోమత లేని మన హ్యాముల కోసం, టీవీ రిపేరు షాపులో దొరికే భాగాలతో కట్టుకోగలిగేలా ఆయన మొదటి బిట్‌ఎక్స్ తయారుచేశారు. అందులో కొన్ని తీగచుట్లకు కుళాయి వాషర్లే ఆధారం! 2016లో వచ్చిన బిట్‌ఎక్స్ 40లో బోర్డు సిద్ధంగానే వస్తుంది. వైర్లు కలిపి, పెట్టెలో బిగించుకోవడం మన పని. ఏడు మెగాహెర్ట్జ్ దగ్గర, ఏడు వాట్ల లోపు శక్తితో పనిచేస్తుంది. ఏడు వాట్లంటే మనింట్లో చిన్న ఎల్‌ఈడీ బల్బంత.

పేరులోని "బిట్" అంటే రెండు దిక్కులా నడిచేది అని. ఇది అర్థమైతే సగం రిపేరు వచ్చినట్టే. మామూలు సెట్టులో వినే దారి వేరు, మాట్లాడే దారి వేరు. ఇందులో ఒకే వీధి. పొద్దున బాపట్ల నుంచి తెనాలి వచ్చిన బండే సాయంత్రం వెనక్కి పోయినట్టు, వినేటప్పుడు సంకేతం యాంటెన్నా నుంచి స్పీకరు వైపు నడుస్తుంది, మాట్లాడేటప్పుడు మైకు నుంచి యాంటెన్నా వైపు నడుస్తుంది. మధ్యలో ఉన్న ఫిల్టర్లు, మిక్సర్లు, ఆసిలేటర్లు రెండింటికీ అవే. దిక్కు మారినప్పుడు మారేవి కొన్ని ట్రాన్సిస్టర్లు మాత్రమే.

కాబట్టి మొదటి ప్రశ్న ఎప్పుడూ ఇదే: వినిపిస్తోందా? మన సెట్టులో స్పష్టంగా వినిపించేది. సాయంత్రాలు తమిళ హ్యాములు, హైదరాబాదు హ్యాములు మాట్లాడుకోవడం పిల్లలు వినేవారు. అంటే ఫిల్టరు బాగుంది, మిక్సర్లు బాగున్నాయి, ఆసిలేటర్లు నడుస్తున్నాయి. ఒక్క స్క్రూ తిప్పకుండానే బోర్డులో సగానికి పైగా నిర్దోషి అని తేలిపోయింది. మిగిలినవి మైకు వైపు చిన్న భాగం, చివర శక్తినిచ్చే భాగం, రిలే. ఈ తర్కాన్ని తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె నాకంటే ముందే పట్టుకుంది.

నేను మాత్రం తర్కం వదిలేసి తొందరపడ్డాను. బటన్ నొక్కితే శక్తి రావడం లేదు కాబట్టి చివరి ట్రాన్సిస్టరు, అంటే ఐఆర్‌ఎఫ్510, కాలిపోయి ఉంటుందని తీర్మానించేశాను. వంద రూపాయల లోపు వస్తువు. తెప్పించి, పాతది పీకి, కొత్తది సోల్డరు చేశాను. అయినా మూగే. రెండు ఆదివారాలు పోయాయి.

అసలు జరిగింది వేరు. కిట్టును నేను స్టీలు పెట్టెలో బిగించాను. ఐఆర్‌ఎఫ్510 వీపున ఉండే లోహపు రేకు లోపల డ్రెయిన్‌కు కలిసి ఉంటుంది. అంటే దానికి బిగించిన హీట్‌సింకు మీద ఎప్పుడూ పన్నెండు వోల్టులు ఉంటాయి. పెట్టె మూత వేసినప్పుడు అది హీట్‌సింకుకు తగిలింది, పెట్టె ఏమో బ్యాటరీ మైనస్‌కు కలిసి ఉంది. కరెంటు ట్రాన్సిస్టరు లోపలికి పోకుండానే హీట్‌సింకు మీదుగా పెట్టెలోకి దూకేసింది. ట్రాన్సిస్టరుకు ఏమీ కాలేదు, దానికి కరెంటు తెచ్చే సన్నటి రాగి దారి బోర్డు మీద కాలి తెగిపోయింది. మల్టీమీటరు ఎర్ర మొన డ్రెయిన్ మీద పెడితే పన్నెండు చూపాల్సినది సున్నా చూపింది. ఈ పరీక్షకు పది సెకన్లు చాలు. పార్టు మార్చే ముందు దానికి అన్నం అందుతోందా అని చూడాలి. పాతికేళ్ళుగా పిల్లలకు ఓమ్ నియమం చెబుతూ ఈ పని నేను చేయలేదు.

తెగిన చోట చిన్న తీగ వేశాను. హీట్‌సింకు చుట్టూ ఖాళీ ఉండేలా ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాలోకి సెట్టును మార్చాము. లోహపు పెట్టే కావాలనుకుంటే మైకా పలక, ప్లాస్టిక్ బుషు వేసి బిగించాలి.

ఇంతటితో అయిపోలేదు. సెట్టు పలికింది గానీ గొంతు బొంగురుగా వచ్చింది, హీట్‌సింకు చెయ్యి పెట్టలేనంతగా కాలింది. అది కూడా నా తొందరపాటు ఫలమే. ఐఆర్‌ఎఫ్510 ఎన్ని వోల్టుల దగ్గర మేల్కొంటుందన్నది ఒక్కో ముక్కకు ఒక్కోలా ఉంటుంది, రెండు నుంచి నాలుగు దాకా. పాతదానికి సరిపోయేలా పెట్టిన బయాస్ కొత్తదానికి సరిపోలేదు. బయాస్ సరిచేసే పద్ధతి ఇది. యాంటెన్నా బదులు డమ్మీ లోడ్ తగిలించాలి. శక్తి భాగానికి వెళ్ళే వైరులో ఆమ్మీటరు పెట్టాలి. చిన్న ప్రీసెట్‌ను పూర్తిగా తగ్గించి, మైకు దగ్గర ఎవరూ మాట్లాడకుండా బటన్ నొక్కి, మెల్లగా తిప్పుతూ 100 మిల్లీఆంపియర్ల దగ్గర ఆపాలి. ఎక్కువైతే కాలుతుంది, తక్కువైతే మాట ముక్కలవుతుంది.

డమ్మీ లోడ్ కొననక్కర్లేదు. 200 ఓమ్‌ల రెండు వాట్ల రెసిస్టర్లు నాలుగు పక్కపక్కన కలిపితే 50 ఓమ్‌లు, ఎనిమిది వాట్లు. తీగచుట్ట రకం మాత్రం వద్దు. దానికి ఒక డయోడు, ఒక కెపాసిటరు చేర్చి మల్టీమీటరు పెడితే శక్తి కొలిచే సాధనం అయిపోతుంది. మైకులో సన్నగా ఈల వేయాలి. మీటరు చూపిన వోల్టులకు డయోడు తినేసిన 0.6 కలిపి, వర్గం చేసి, వందతో భాగించాలి. మాకు 24.4 వచ్చింది. 0.6 కలిపితే 25, వర్గం 625, అంటే ఆరుంపావు వాట్లు. ఈ లెక్క చేయడానికి పిల్లలు పోటీ పడ్డారు. ఈల వేయడానికి ఇంకా ఎక్కువ పడ్డారు.

ఇంకో చిట్కా మా వీధి చివర బండ్ల ఎలక్ట్రీషియన్ భాయ్ ఇచ్చినది. రిపేరు చేసిన సెట్టుకు మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు మధ్యలో బైకు ఇండికేటరు బల్బు పెట్టమన్నాడు. అంతా సరిగా ఉంటే బల్బు వెలగీ వెలగనట్టు ఉంటుంది. ఎక్కడైనా షార్టు ఉంటే బల్బు భగ్గున వెలుగుతుంది, సెట్టు బతుకుతుంది. నా స్టీలు పెట్టె రోజున ఆ బల్బు ఉండి ఉంటే ఈ వ్యాసం సగమయ్యేది.

తెనాలిలో మరో బాధ, గోల. మా ఇంట్లో సెట్టు పెడితే తేనెటీగల తుట్టె కదిపినట్టు ఒకటే రొద. సెట్టును బ్యాటరీ మీద నడుపుతూ ఇంటి మెయిన్ ఆపేస్తే రొద సగానికి పైగా పోయింది. అంటే దొంగ ఇంట్లోనే ఉన్నాడు. ఒక్కో గది స్విచ్చి వేస్తూ పోతే, చవకగా కొన్న ఫోను చార్జరు ఒకటి, రెండు ఎల్‌ఈడీ లైట్లు దొరికాయి. వాటిని మార్చాక దూరపు గొంతులు కూడా తేలాయి. ఈ మార్పుకు సెట్టును విప్పే పనే లేదు.

బాపట్లలో లైసెన్సు ఉన్న మిత్రుడి ఇంటికి సెట్టు తీసుకెళ్ళినప్పుడు వచ్చిన చిక్కు ఉప్పుగాలిది. సూర్యలంక గాలికి ఆయన యాంటెన్నా కనెక్టరు లోపల పచ్చగా చిలుము పట్టింది. కేబులు ఒక చివర రెండు తీగలూ కలిపి రెండో చివర కొలిస్తే సున్నా దగ్గర చూపాలి. మీటరు ముల్లు నిలకడ లేకుండా ఊగింది. చివరి అడుగు కోసి, కొత్త కనెక్టరు వేసి, పైన పాత సైకిలు ట్యూబు ముక్క సాగదీసి చుట్టాము. యాంటెన్నా అంటే రెండు తీగలు, ఒక్కోటి పది మీటర్లు. 143ను మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది. దగ్గరి ఊళ్ళకు మాట్లాడాలంటే మరీ ఎత్తు అవసరం లేదు, ఆరేడు మీటర్లు చాలు. అప్పుడు తరంగం నిటారుగా పైకి వెళ్ళి, ఆకాశపు పొర నుంచి వానలా చుట్టుపక్కల కురుస్తుంది.

కిట్టులో మేము చేర్చినవి రెండే. మొదటిది ఫ్యూజు, దాని వెనక అడ్డంగా ఒక డయోడు. పిల్లలు ప్లస్సు మైనస్సు తారుమారుగా తగిలిస్తే ఫ్యూజు పోతుంది, బోర్డు ఉంటుంది. రెండోది చెవుల రక్షణ. ఈ సెట్టులో శబ్దాన్ని దానంతటదే సర్దే ఏర్పాటు లేదు. పక్క ఊరి హ్యాము మాట్లాడితే చెవిలో టపాకాయ పేలినట్టు ఉంటుంది. ఇయర్‌ఫోన్ తీగల మధ్య ఎదురుబొదురుగా రెండు డయోడ్లు పెట్టాము.

ఒక మాట తప్పక చెప్పాలి. లైసెన్సు లేకుండా ప్రసారం చేయడం నేరం. కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ వారి పరీక్ష రాయాలి, పన్నెండేళ్ళు నిండినవారు రాయవచ్చు. మా క్లాసులో లైసెన్సు లేని పిల్లలు మైకు పట్టుకోరు. వింటారు, లాగ్ పుస్తకం రాస్తారు.

ఈ జనవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం బాపట్లలో మిత్రుడు ఆయన సెట్టు దగ్గర కూర్చున్నారు. మేము రేపల్లెలో మరో లైసెన్సుదారు దొడ్లో, రెండు కొబ్బరిచెట్ల మధ్య తీగ కట్టి, ఏడు ఆంపియర్‌అవర్ల బ్యాటరీ మీద మన టిఫిన్ డబ్బా పెట్టాము. ఆయన పిలిచారు. మూడోసారికి బాపట్ల పలికింది. "మీరు ఐదు, ఏడు" అన్నారు అవతలి నుంచి. మాట పూర్తిగా అర్థమవుతోంది, బలం మధ్యస్తంగా ఉంది అని అర్థం. మా అబ్బా స్టేషనులో ఎదురుచూసిన ఊరి నుంచి ఆ కబురు వెళ్ళింది. మన తొమ్మిదో తరగతి అమ్మాయి టైము చూసి లాగ్‌లో రాసింది.

ఒక లోపం ఇంకా ఉంది. డయల్ చూపే అంకె అసలు ఫ్రీక్వెన్సీ కంటే కాస్త తేడాగా ఉంటోంది, అందువల్ల అవతలివారి గొంతు బాతు అరుపులా మొదలై, సర్దాక గానీ మనిషి గొంతు కాదు. క్యాలిబ్రేషన్ వేసవి సెలవుల్లో పెట్టుకున్నాము. ఈలోగా ఇద్దరు పిల్లలు పరీక్షకు చదువుతున్నారు.