కర్ర ఏ చేత్తో పట్టుకోవాలి?

"సిస్టరమ్మా, నొప్పి కుడి తుంటికి. కర్ర ఎడమ చేత్తో పట్టుకోమంటారేమిటి?" అని మా వార్డులో ఒక పెద్దావిడ అడిగారు. అంతకు ముందు వారమే ఆమె ఇంటి గడప దగ్గర తూలి, గోడ పట్టుకుని తప్పించుకున్నారు. ఆమె ప్రశ్నకు జవాబు చెప్పాలంటే, కీలు మీద పడే బరువును కొలిచే ఒక చిన్న పరికరం గురించి తెలుసుకోవాలి.

మన ఓపీలో ఉండే బరువు మిషను కిందికి పడే బరువునే చూపిస్తుంది. నడిచేటప్పుడు కీలు మీద పడే బలాలు అలా ఒక్క దిక్కున ఉండవు. పైనుంచి కిందికి, ముందు వెనుకలకు, పక్కలకు, ఇలా మూడు దిక్కుల తోపుడు ఉంటుంది. కుళాయి తిప్పినట్టు మెలి కూడా ఆ మూడు దిక్కులలోనూ పడుతుంది. ఈ ఆరింటినీ ఒకేసారి కొలిచే పరికరాన్ని ఆరు అక్షాల ఫోర్స్ టార్క్ సెన్సార్ అంటారు. కార్ఖానాల్లో రోబోల మణికట్టు దగ్గర కూడా దీనిని అమరుస్తారు.

ఇది పనిచేసే తీరు ఇలా ఉంటుంది. లోహం ఎంత గట్టిదైనా, బరువు పడితే కంటికి కనబడనంతగా సాగుతుంది, వంగుతుంది. దానికి అంటించిన స్ట్రెయిన్ గేజ్ కూడా దానితోపాటే సాగుతుంది. అప్పుడు అందులో కరెంటుకు కలిగే నిరోధం మారుతుంది. ముందుగానే తెలిసిన బరువులను ఒక్కో దిక్కున వేసి, గేజ్‌లు ఎంత మారుతున్నాయో రాసి పెట్టుకుంటారు. ఆ లెక్క ప్రకారం కంప్యూటరు ఆరు బలాలను విడదీసి చెబుతుంది.

జర్మనీలోని బెర్లిన్‌లో షరీటే వైద్యశాల పరిశోధకులు ఇలాంటి గేజ్‌లను కృత్రిమ తుంటి, మోకాలి కీళ్ల లోపల అమర్చారు. వాటికి బ్యాటరీ లేదు. కొలిచే సమయంలో కాలి చుట్టూ కట్టిన తీగచుట్ట నుంచి కరెంటు అందుతుంది. కొలతలు రేడియో ద్వారా బయటికి వస్తాయి. 2010లో ఐదుగురి మోకాళ్ల కొలతలు ప్రచురించారు. చదునైన నేల మీద నడిస్తే మోకాలి మీద శరీర బరువుకు సుమారు 2.6 రెట్లు, మెట్లు దిగితే సుమారు 3.5 రెట్లు పడింది. 60 కిలోల మనిషి మెట్లు దిగితే మోకాలి మీద 200 కిలోలకు పైగా అన్నమాట. తూలిపడబోయినప్పుడు తుంటి మీద 8 రెట్లకు పైగా పడినట్టు 2004లో ప్రచురించిన కొలతల్లో ఉంది.

ఉన్న బరువుకు ఇన్ని రెట్లు ఎందుకు? కావడికి ఒకవైపే బిందె కట్టారనుకోండి. రెండో కొసను చేత్తో నొక్కి పట్టాలి. అప్పుడు బిందె బరువు, చేతి నొక్కుడు, రెండూ భుజం మీదే పడతాయి. కుడి కాలి మీద నిలబడినప్పుడు కుడి తుంటి ఆ భుజం లాంటిది, శరీరం బిందె లాంటిది. తుంటి బయటివైపు కండరాలు నొక్కి పట్టే చేయి. ఎడమ చేతిలోని కర్ర బిందెను కిందినుంచి కాస్త ఎత్తి పట్టినట్టు పనిచేస్తుంది. అప్పుడు కండరాలు అంతగా బిగుసుకోనక్కరలేదు, కీలు మీద భారం తగ్గుతుంది.

గుర్తుంచుకోండి:

1. కర్ర నొప్పి లేని వైపు చేతిలో ఉండాలి. నొప్పి ఉన్న కాలితోపాటే దానిని ముందుకు వేయాలి.
2. చేయి కిందికి వదిలితే కర్ర పిడి మణికట్టు ఎత్తున ఉండాలి. కింద రబ్బరు బిరడా అరిగితే మార్చండి.
3. మెట్లు ఎక్కేటప్పుడు ముందు బాగున్న కాలు, దిగేటప్పుడు ముందు కర్ర, నొప్పి కాలు.
4. గడప దగ్గర, స్నానాల గదిలో వెలుతురు ఉండాలి. నేల తడి లేకుండా చూసుకోండి.
5. ఆపరేషన్ అయినవారు డాక్టరు గారు, ఫిజియోథెరపిస్టు చెప్పినట్టే నడవాలి.

ఆ పెద్దావిడకు ఇదంతా మంచం పక్కన కూర్చుని చెప్పాను. ఆమె కర్ర ఎడమ చేతికి మార్చుకుని, వరండా చివరిదాకా నడిచి వచ్చారు.

– నర్సింగ్ సూపరింటెండెంట్