బరువుతో పోరు.. గుర్రంపై జోరు

జాకీ అంటే పందెపు గుర్రంపై స్వారీ చేయడాన్నే వృత్తిగా చేసుకున్న ఆటగాడు. తెలుగునాట ఈ వృత్తికి చిరునామా హైదరాబాద్‌లోని మలక్‌పేట రేస్‌కోర్సు. 1868లో మౌలాలీలో మొదలైన పందేలు 1886లో మలక్‌పేటకు వచ్చాయి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ మరణం తర్వాత సికింద్రాబాద్ పరేడ్ మైదానానికి తరలి, 1968లో మళ్లీ మలక్‌పేట చేరాయి.

తెల్లవారకముందే కొలువు

జాకీ దినచర్య తెల్లవారుజామున ట్రాక్ వర్క్‌తో మొదలవుతుంది. ట్రైనర్ చెప్పిన దూరం, చెప్పిన వేగంతో గుర్రాన్ని పరిగెత్తించాలి. దిగాక దాని ఊపిరి ఎలా ఉంది, అడుగు సాఫీగా పడుతోందా అన్నది వివరించాలి. చాలామంది రైడింగ్ బాయ్‌లుగా చేరి, అప్రెంటిస్‌లై, నిర్ణీత సంఖ్యలో పందేలు గెలిచాక పూర్తిస్థాయి జాకీలవుతారు. అప్రెంటిస్ ఎక్కిన గుర్రానికి బరువులో కొంత రాయితీ ఉంటుంది.

పందెంలో జాకీ జీనుపై కూర్చోడు. రికాబులపై కాళ్లు ఆనించి, ముందుకు వంగి, సుమారు 450 కిలోల జంతువును నడిపిస్తాడు. 1,200 మీటర్ల పందెం నిమిషం పావులో ముగుస్తుంది. పగ్గం ఎక్కడ బిగించాలో, ఎక్కడ వదలాలో, ఏ సందులోంచి దూసుకుపోవాలో ఆలోపే తేల్చుకోవాలి. గుర్రప్పందెం ప్రధానంగా నైపుణ్యంతో కూడినదని 1996లో కె.ఆర్. లక్ష్మణన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది.

కిలోల లెక్క

హ్యాండీక్యాప్ పందేల్లో మెరుగైన గుర్రానికి ఎక్కువ బరువు కేటాయిస్తారు. జాకీని జీనుతో సహా పందేనికి ముందూ తర్వాతా తూకం వేస్తారు. తక్కువుంటే సీసపు పలకలు కలుపుతారు. ఎక్కువుంటే జాకీయే తగ్గాలి. అందుకే అర్ధాకలి, ఆవిరి గదిలో చెమటోడ్చడం ఈ వృత్తిలో మామూలయ్యాయి. ఒంట్లో నీరు తగ్గితే చురుకుదనం మందగిస్తుంది. ఏళ్ల తరబడి చాలీచాలని తిండి ఎముకలను బలహీనపరుస్తుంది.

సంపాదన ప్రధానంగా స్వారీకి ఇచ్చే ఫీజు, గెలిచిన సొమ్ములో వాటా. స్వారీ దొరకని వారం రాబడి తగ్గుతుంది. గాయపడితే ఆగిపోతుంది.

అడ్డంకులు దాటే జాకీలు

భారత్‌లో వృత్తి పందేలన్నీ చదునైన ట్రాక్‌పైనే సాగుతాయి. అడ్డంకులు దూకించే స్వారీ ఇక్కడ సైన్యం, పోలీసు, ఈక్వెస్ట్రియన్ పోటీలకే పరిమితం. జంప్ రేసింగ్ పుట్టినిల్లు ఐర్లండ్. 1752లో కార్క్ కౌంటీలో ఒక చర్చి శిఖరం నుంచి మరో చర్చి శిఖరం దిశగా సాగిన పందెం దీనికి నాంది అని చెబుతారు. ఇంగ్లండ్‌లోని గ్రాండ్ నేషనల్‌లో దాదాపు 7 కిలోమీటర్ల దూరంలో 30 సార్లు దూకాలి. 2021లో ఐర్లండ్ జాకీ రేచెల్ బ్లాక్‌మోర్ ఆ పందెం గెలిచిన తొలి మహిళయ్యారు. ఉత్తర ఐర్లండ్‌కు చెందిన ఎ.పి. మెకాయ్ వరసగా 20 ఏళ్లు ఛాంపియన్‌గా నిలిచి, 4,300కు పైగా విజయాలతో 2015లో విరమించారు. జంప్ జాకీలకు బరువు పరిమితి కాస్త సడలుతుంది. ప్రమాదం మాత్రం చదును పందేలకంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

పడినా నిలబెట్టాలి

చదును ట్రాక్‌పైనా ప్రాణాపాయం తప్పదు. 2019 జనవరిలో మలక్‌పేటలోనే ఓ యువ జాకీ గుర్రంపై నుంచి పడి మరణించాడు. హెల్మెట్, రక్షణ జాకెట్, పందెం వెంటే సాగే అంబులెన్స్ అందుకే అవసరం. బ్రిటన్‌లో గాయపడిన జాకీల కోసం 1964లో ప్రత్యేక నిధి ఏర్పడింది. ఇద్దరు జంప్ జాకీలు పందేల్లో పడి నడవలేని స్థితికి చేరడం దానికి కారణం.

స్వారీ మానేశాక కొందరు ట్రైనర్లవుతారు. 1,700కు పైగా పందేలు గెలిచిన పేసీ ష్రాఫ్ 2004లో విరమించి, శిక్షకుడిగానూ అగ్రస్థానానికి చేరారు. అందరికీ ఆ అవకాశం రాదు. వైద్యం, బీమా, పోషకాహార సలహా, రెండో వృత్తికి శిక్షణ రైడింగ్ బాయ్ దాకా అందినప్పుడే ఈ వృత్తి భద్రమైన బతుకుతెరువు అవుతుంది.