గిటార్‌పై పట్టుకు స్వరాంతరాలే పునాది
ఫ్రెట్ల సంఖ్య కంటే చెవి గుర్తింపే ముఖ్యం

గిటార్ చేతపట్టిన విద్యార్థి మొదట నేర్చుకునేది వేళ్లను ఎక్కడ ఉంచాలన్నదే. సెల్‌ఫోన్‌లో వీడియో చూసి, ఏ తీగపై ఎన్నో ఫ్రెట్ నొక్కాలో కంఠస్థం చేసి, నాలుగైదు పాటలు పలికిస్తాడు. అయితే పాడేవారు ఒకటి శ్రుతి నుంచి రెండు శ్రుతికి మారగానే చేయి ఆగిపోతుంది. కొత్త పాట విన్నప్పుడు దానిని సొంతంగా వాద్యంపై వెదుక్కోలేడు. ఏడాది తిరగకుండానే పలువురు గిటార్‌ను మూలన పెట్టడానికి ఇదీ ఒక కారణం. ఇక్కడ లోపించింది సాధన కాదు. స్వరానికీ స్వరానికీ నడుమ ఉన్న దూరాన్ని చెవితో పోల్చుకునే శక్తి. ఆ దూరాన్నే స్వరాంతరం అంటారు.

పన్నెండు ఫ్రెట్లలో ఒక స్థాయి

వీణకు మెట్లున్నట్లే గిటార్‌కు ఫ్రెట్లుంటాయి. ఒక్కో ఫ్రెట్ దాటితే అరస్వరం పెరుగుతుంది. పన్నెండు ఫ్రెట్లు దాటితే ఒక స్థాయి పూర్తవుతుంది. కర్ణాటక సంగీతంలోని పన్నెండు స్వరస్థానాలకు ఇది సరిపోతుంది. ఏమీ నొక్కని తీగను షడ్జమం అనుకుంటే, రెండో ఫ్రెట్‌పై చతుశ్శ్రుతి రిషభం, మూడింట సాధారణ గాంధారం, నాలుగింట అంతర గాంధారం, అయిదింట శుద్ధ మధ్యమం, ఏడింట పంచమం, పన్నెండింట తార షడ్జమం పలుకుతాయి.

సరళీ స్వరాలు నేర్చిన వారికి ఇది మరింత సులువు. ఒకే తీగపై 0, 1, 4, 5, 7, 8, 11, 12 స్థానాలను వరుసగా మీటితే మాయామాళవగౌళ ఆరోహణ వినిపిస్తుంది. 0, 2, 4, 5, 7, 9, 11, 12 మీటితే శంకరాభరణం. పాడేవారు శ్రుతి మార్చినా ఈ అంకెల మధ్య దూరాలు మారవు. మారేది మొదలుపెట్టే చోటు మాత్రమే. ఒకటి శ్రుతికీ రెండు శ్రుతికీ నడుమ ఉన్నది రెండు ఫ్రెట్ల దూరమే.

తీగ నుంచి తీగకు

గిటార్ ఆరు తీగలను మందమైన దాని నుంచి వరుసగా ఇ, ఏ, డి, జి, బి, ఇ స్వరాలకు శ్రుతి చేస్తారు. పక్కపక్క తీగల మధ్య దూరం అయిదు అరస్వరాలు, అంటే శుద్ధ మధ్యమం. జి, బి తీగల మధ్య మాత్రం నాలుగే. ఈ ఒక్క మినహాయింపును గుర్తుంచుకుంటే చాలా తికమక తొలగుతుంది.

ఏదైనా ఒక స్వరం నుంచి పంచమం కావాలంటే, సన్నని వైపు ఉన్న పక్క తీగపై రెండు ఫ్రెట్లు ముందుకు వెళ్లాలి. అయిదుకు రెండు కలిస్తే ఏడు. అంతర గాంధారానికి పక్క తీగపై ఒక ఫ్రెట్ వెనక్కి రావాలి. జి నుంచి బి తీగకు దాటేటప్పుడు మాత్రం మరో ఫ్రెట్ అదనంగా ముందుకు జరపాలి. కార్డుల రహస్యమూ ఇదే. షడ్జమం, అంతర గాంధారం, పంచమం కలిసి మోగితే మేజర్ కార్డు. గాంధారం ఒక్క ఫ్రెట్ తగ్గి సాధారణ గాంధారమైతే మైనర్ కార్డు.

పాడి, ఆ తర్వాతే మీటాలి

లెక్క తెలిసినంత మాత్రాన చెవి పదునెక్కదు. మొదట షడ్జమం మీటి, పంచమాన్ని గొంతుతో పాడాలి. ఆ తర్వాతే ఏడో ఫ్రెట్ మీటి సరిచూసుకోవాలి. వారానికి ఒక స్వరాంతరం చొప్పున తీసుకుంటే భారం కాదు. పంచమం, మధ్యమం స్థిరపడ్డాక రెండు గాంధారాలను పక్కపక్కన విని తేడా పట్టాలి. తెలిసిన పాట పల్లవిలో మొదటి రెండు స్వరాల మధ్య దూరమెంతో ఊహించి, వాద్యంపై వెదకడం తదుపరి మెట్టు.

పాలకొల్లు చూపిన దారి

ఫ్రెట్లున్న పాశ్చాత్య వాద్యంపై చెవి ఆధారంగా విద్య ఎంత ఎత్తుకు చేరగలదో పశ్చిమ గోదావరి జిల్లా వాసులకు తెలియనిది కాదు. 1969లో పాలకొల్లులో జన్మించిన మాండలిన్ శ్రీనివాస్‌కు గురువు రుద్రరాజు సుబ్బరాజు. ఆయన గాత్ర విద్వాంసుడు. మాండలిన్ వాయించడం ఆయనకు రాదు. గురువు పాడేవారు, బాలుడు విన్నదాన్ని తీగలపై వెదికి పలికించేవాడు. వేళ్లు ఎక్కడ పెట్టాలో చూపేవారు లేరు. విన్న స్వరాల దూరమే దారి చూపింది. 1978లో గుడివాడలో తొలి కచేరీ చేసిన ఆ బాలుడిని 1998లో పద్మశ్రీ వరించింది. 2014లో ఆయన కన్నుమూశారు.

ఫ్రెట్‌కూ పరిమితి ఉంది

650 మిల్లీమీటర్ల తీగ ఉన్న గిటార్‌లో ఏడో ఫ్రెట్ నొక్కితే సుమారు 434 మిల్లీమీటర్ల తీగ మోగుతుంది. తీగలో సరిగ్గా మూడింట రెండు వంతులు, అంటే సుమారు 433 మిల్లీమీటర్లు మోగితే శుద్ధమైన పంచమం. తేడా నామమాత్రమే. నాలుగో ఫ్రెట్ వద్ద మాత్రం తీగ 516 మిల్లీమీటర్లు మోగుతుంది. తంబురా నాదంలో సహజంగా వినిపించే గాంధారానికి 520 ఉండాలి. అందుకే గిటార్ గాంధారం కాస్త హెచ్చుగా ఉంటుంది. వీణ మెట్లను మైనంపై చెవితో సరిచూసి అమరుస్తారు. గిటార్ ఫ్రెట్లు కదలవు. కర్ణాటక సంగీతం వాయించదలచిన వారు తీగను జార్చడం, లాగడం ద్వారా గమకాన్ని రాబట్టవలసిందే.

ఈ సాధనకు ఖరీదైన వాద్యం అక్కరలేదు. శ్రుతి నిలిచే గిటార్ ఒకటి, రోజుకు పావుగంట సమయం, పాడటానికి వెనుకాడని గొంతు ఉంటే చాలు. పిల్లలను గిటార్ తరగతులకు పంపే తల్లిదండ్రులు ఎన్ని పాటలు వచ్చాయని అడగడంతో సరిపెట్టక, కొత్త పాటను విని పలికించగలుగుతున్నారో లేదో గమనించడం మేలు.