అమ్మానాన్నలు కూడా చేరాల్సిన బడి

ప్రత్యేక పాఠశాలలో తన చేత్తో తాను తినడం ఒక పాఠం. మరుగుదొడ్డికి వెళ్లాలని చెప్పగలగడం, చొక్కా తొడుక్కోవడం, పేరు పిలిస్తే పలకడం, వరసలో తన వంతు వచ్చేదాకా ఆగడం... ఇవన్నీ పాఠాలే. ఆటిజం, డౌన్ సిండ్రోమ్, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం ఉన్న పిల్లల్లో చాలామందికి అక్షరాలూ అంకెలూ వీటి తర్వాతే. ఈ పాఠాలు బడిలో మొదలై ఇంట్లో పూర్తవుతాయి. పిల్లలు బడిలో ఉండేది రోజుకు ఐదారు గంటలు. మిగతా పొద్దంతా అమ్మానాన్నలు, నానమ్మ తాతయ్యలు, తోబుట్టువుల మధ్యే గడుస్తుంది. మామూలు బడిలో తల్లిదండ్రుల సంఘం ఉంటే మంచిదే. ప్రత్యేక పాఠశాలలో అది లేకపోతే చదువే సగంలో ఆగిపోతుంది.

నింద నుంచి నిజానికి

బిడ్డకు వైకల్యం ఉందని తెలిసిన రోజు నుంచి ఆ కుటుంబం మెల్లగా నలుగురికీ దూరమవుతుంది. పెళ్లిళ్లకూ పేరంటాలకూ వెళ్లడం తగ్గుతుంది. ‘పెంపకం సరిగా లేదు’, ‘మేనరికం చేసుకుంటే ఇంతే’, ‘ఏ జన్మ పాపమో’ లాంటి మాటలు ముందుగా తల్లికే తగులుతాయి. తండ్రి పనిలో తలదాచుకుంటాడు. ఒక ఆస్పత్రి నుంచి ఇంకో ఆస్పత్రికి, ఆ తర్వాత మందూ మంత్రమూ అంటూ తిరగడంలో డబ్బు, ఏళ్లు రెండూ కరిగిపోతాయి. బిడ్డకు అన్నిటికన్నా విలువైన తొలి ఆరేళ్లు అలాగే చేజారుతాయి.

ఈ నిందల్లో చాలావాటికి ఆధారం లేదు. డౌన్ సిండ్రోమ్‌కు కారణం 21వ క్రోమోజోమ్ అదనంగా ఉండటం. ఎక్కువ కేసుల్లో అది వంశపారంపర్యంగా వచ్చింది కాదు. మేనరికంతో కొన్ని జన్యువ్యాధుల ముప్పు పెరిగే మాట నిజమే గానీ ప్రతి వైకల్యానికీ దాన్నే కారణంగా చూపడం తప్పు. ఇక ఆటిజం తల్లి ప్రేమ చాలక వస్తుందని 1950లలో పాశ్చాత్య వైద్యులు కొందరు గట్టిగా నమ్మారు. ఆ వాదాన్ని 1964లో తన పుస్తకంతో దెబ్బతీసిన బెర్నార్డ్ రిమ్లాండ్ మనస్తత్వ శాస్త్రవేత్త, ఆటిజం ఉన్న అబ్బాయికి తండ్రి కూడా. మరుసటి ఏడాది ఆయన అమెరికాలో అలాంటి తల్లిదండ్రులను కూడగట్టి జాతీయ స్థాయి సంఘం పెట్టారు. నింద మోసిన వాళ్లే నిజాన్ని వెతికి, పదిమందికీ చెప్పారు. తల్లిదండ్రుల సంఘం చేయాల్సిన మొదటి పనీ ఇదే.

బడులు పుట్టింది వాళ్ల చేతుల్లోనే

ప్రత్యేక విద్య చరిత్రలో తల్లిదండ్రులు బడి గేటు బయట నిలబడ్డ వాళ్లు కారు. చాలాచోట్ల బడి కట్టిందే వాళ్లు. బ్రిటన్‌లో 1946లో జూడీ ఫ్రైడ్ అనే తల్లి మొదలుపెట్టిన సంఘమే నేటి మెన్‌క్యాప్. 1962లో లండన్‌లో ఆటిజం పిల్లల తల్లిదండ్రులు కలిసి పెట్టిన సంస్థ మూడేళ్లకే సొంత బడి తెరిచింది. అమెరికాలో పెన్సిల్వేనియా తల్లిదండ్రుల సంఘం కోర్టుకెక్కి, మేధో వైకల్యం ఉన్న పిల్లలకు ప్రభుత్వ బడి తలుపులు తెరిపించింది. ఆ దారిలోనే 1975లో వచ్చిన చట్టం ప్రతి బిడ్డకూ వ్యక్తిగత విద్యా ప్రణాళిక ఉండాలని, దాన్ని రాసేటప్పుడు తల్లిదండ్రులకు చోటుండాలని నిర్దేశించింది.

మన దేశంలోనూ కథ ఇంతే. సెరిబ్రల్ పాల్సీ ఉన్న కూతురి కోసం మిథూ అలూర్ 1970ల్లో ముంబయిలో బడి ప్రారంభించారు. చెన్నైలో విద్యాసాగర్ సంస్థను 1985లో మొదలుపెట్టిన పూనమ్ నటరాజన్, దిల్లీలో 1991లో యాక్షన్ ఫర్ ఆటిజం నెలకొల్పిన మెర్రీ బారువా కూడా తల్లులే. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పాటైన జాతీయ సంస్థ (ఇప్పటి పేరు ఎన్ఐఈపీఐడీ) ఉపాధ్యాయుల శిక్షణతో పాటు కుటుంబాలకు నేర్పడాన్నీ తన పనుల్లో ఒకటిగా పెట్టుకుంది. దేశంలోని తల్లిదండ్రుల సంఘాలు 1995లో ‘పరివార్’ పేరుతో ఒక సమాఖ్య అయ్యాయి. నాలుగేళ్లకు ఆటిజం, మేధో వైకల్యం లాంటివి ఉన్న వాళ్ల సంక్షేమానికి నేషనల్ ట్రస్ట్ చట్టం రావడం వెనక ఈ కుటుంబాల ఒత్తిడి ఎంతో ఉంది.

చేరిన రోజే మొదలు

సంఘం కట్టాలంటే బడి ముందుగా గమనించాల్సింది తన వరండానే. దూరం నుంచి బస్సెక్కి పిల్లల్ని తెచ్చే తల్లులు బడి విడిచేదాకా అక్కడే కూర్చుంటారు. కూరగాయల ధరల నుంచి ఫిట్స్ మాత్రల దాకా అన్నీ అక్కడే మాట్లాడుకుంటారు. వాళ్లకో గది, ఫ్యాను, తాగునీళ్లు, వారానికో గంట టీచర్ సమయం ఇస్తే చాలు, సంఘం సగం ఏర్పడినట్టే.

రెండో మెట్టు జోడీ కట్టడం. కొత్తగా చేరిన కుటుంబానికి అలాంటి సమస్యే ఉన్న పిల్లల్ని ఏళ్లుగా పెంచుతున్న ఒక అమ్మనో నాన్ననో పరిచయం చేయాలి. వీలైతే ఒకే మండలం, ఒకే భాష వాళ్లయితే మేలు. డాక్టర్ చెప్పలేని ధైర్యం ‘మావాడూ నాలుగేళ్లదాకా మాట్లాడలేదమ్మా, ఇప్పుడు కావాల్సింది అడిగి తీసుకుంటాడు’ అన్న ఒక్క మాటలో దొరుకుతుంది. అయితే ఈ పెద్దదిక్కులకూ కొంత శిక్షణ కావాలి. మందులు సూచించకూడదు. ‘పూర్తిగా నయమవుతుంది’ అని ఎవరికీ మాటివ్వకూడదు. ఒక ఇంటి విషయం ఇంకో ఇంటికి మోయకూడదు. పిల్లల ఫొటోలు, వీడియోలు వాళ్లింట్లో అడక్కుండా గ్రూపుల్లో పెట్టకూడదు.

ఇంటికి చేరే పాఠం

బడిలో నేర్పింది ఇంట్లో ఎలా నిలబడుతుందో, ఎలా చెడుతుందో అన్నం తినడంలోనే చూడొచ్చు. ప్రత్యేక ఉపాధ్యాయులు ఆ పనిని చిన్నచిన్న మెట్లుగా విడదీస్తారు. చేయి కడుక్కోవడం, అన్నం కలపడం, ముద్ద చేయడం, నోటిదాకా ఎత్తడం, నోట్లో పెట్టుకోవడం. నేర్పేది చివరి మెట్టు నుంచి. మొదట్లో టీచర్ బిడ్డ చేయి పట్టుకుని ముద్దను నోటి దగ్గరిదాకా తెచ్చి వదిలేస్తుంది. నోట్లో పెట్టుకోవడం ఒక్కటే బిడ్డ పని. అది వచ్చాక చేతిని ఇంకాస్త ముందే వదులుతుంది. అలా వెనక్కి జరుగుతూ కలపడం దాకా వెళ్తారు. ప్రతిసారీ పని పూర్తయ్యేది బిడ్డ చేతుల మీదే కాబట్టి ‘నాకొచ్చు’ అన్న సంతోషం రోజూ దక్కుతుంది.

వారాలపాటు సాగిన ఈ శ్రమను నానమ్మ ప్రేమ ఒక్క సెలవుల కాలంలోనే చెరిపేయగలదు. మనవడు మెతుకులు ఒలకబోసుకుంటుంటే చూడలేక ఆమె గోరుముద్దలు పెడుతుంది. ఆమెది తప్పని ఎవరూ అనలేరు. ఆమెకు ఎవరూ చెప్పలేదంతే. అందుకే మంచి బడులు తల్లితో పాటు నానమ్మనూ తరగతిలోకి పిలిచి, టీచర్ ఎప్పుడు చేయి వదులుతోందో చూపిస్తాయి. తర్వాత ఆమె చేతే చేయిస్తాయి. వ్యక్తిగత విద్యా ప్రణాళిక రాసేటప్పుడు ఇంటివాళ్లను కూర్చోబెట్టుకుని ‘ఇంట్లో బిడ్డకు ఏది వస్తే మీ రోజు సులువవుతుంది?’ అని అడగాలి. ఆ జవాబు నుంచే రెండు మూడు లక్ష్యాలు పుట్టాలి. ప్రణాళికను తల్లిదండ్రుల చేత సంతకం పెట్టించుకోవడానికి మాత్రమే చూపిస్తే ఆ కాగితం ఫైల్లోనే ఉండిపోతుంది.

మీటింగ్ ఎలా ఉండాలి

నెలనెలా సమావేశం పెట్టినా పదిమంది రావడం లేదని చాలా బడులు వాపోతుంటాయి. కారణాలు వెతికితే ఎదురుగానే కనిపిస్తాయి. పనిదినాన పెడితే కూలీ పోతుంది. పిల్లల్ని చూసుకునే వాళ్లుండరు. వచ్చిన వాళ్లకు ఉపన్యాసం తప్ప ఏమీ దొరకదు. ఆదివారమో, సెలవు రోజో పెట్టి, ఆ రెండు గంటలూ పిల్లల్ని పక్క గదిలో టీచర్లు, వాలంటీర్లు ఆడిస్తే హాజరు దానంతటదే పెరుగుతుంది. చదువురాని వాళ్లకు నోటీసు బదులు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పంపాలి. హైదరాబాద్ పాతబస్తీ లాంటి చోట అది ఉర్దూలోనూ వెళ్లాలి.

ఒక సమావేశానికి ఒకే విషయం. ఉదాహరణకు ఫిట్స్. ఫిట్స్ వస్తే చేతిలో తాళాల గుత్తి పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం ఊళ్లలో ఇంకా ఉంది. రెండూ పనికిరావు, రెండోది ప్రమాదం కూడా. బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, మెడ దగ్గర బట్టలు వదులు చేయాలి, తలకింద మెత్తటిదేదైనా పెట్టాలి, గడియారం చూడాలి. ఐదు నిమిషాలు దాటినా, తేరుకోకుండానే మళ్లీ వచ్చినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఈ నాలుగు మాటలు ఒక బొమ్మ మీద చేసి చూపిస్తే జీవితాంతం గుర్తుంటాయి. ఆడపిల్లలు పెద్దమనుషులయ్యే వయసు, మగపిల్లల శరీర మార్పులు, మంచి స్పర్శ చెడు స్పర్శ, పంటి సమస్యలు, నిద్ర... ఇలా ఏడాదికి సరిపడా విషయాలను తల్లిదండ్రులే ఎంచుకోవాలి.

తండ్రులను రప్పించడానికి వట్టి పిలుపు చాలదు, పని అప్పగించాలి. బడి వ్యాను రూటు చూడటం, ర్యాంపు కట్టించడం, సంఘం లెక్కలు రాయడం లాంటివి చేతికిస్తే వాళ్లు వస్తారు, ఆ తర్వాత మాట్లాడతారు కూడా. అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ ఏడాదికి ఒకట్రెండు రోజులు వేరుగా కేటాయించాలి. ‘అమ్మ ఎప్పుడూ వాడితోనే’ అన్న బాధను చెప్పుకునే చోటు వాళ్లకు ఇంకెక్కడా ఉండదు.

కాగితాలు, హక్కులు

తోడుగా నిలిచే సంఘం దారి కూడా చూపించాలి. వైకల్య ధ్రువపత్రం కోసం సదరం శిబిరానికి స్లాట్, దివ్యాంగుల గుర్తింపునకు యూడీఐడీ కార్డు, పింఛను దరఖాస్తు... ఒక్కో కాగితానికి ఒక్కో కుటుంబం నెలలు తిరుగుతుంది. ఒకసారి తిరిగొచ్చిన వాళ్లు తర్వాతి వాళ్లకు చెబితే ఆ తిప్పట సగానికి తగ్గుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. తెలంగాణలో 2023లో దాన్ని 4,016 రూపాయలకు పెంచారు. నేషనల్ ట్రస్ట్ నడిపే ‘నిరామయ’ ఆరోగ్య బీమాలో ఏడాదికి లక్ష రూపాయల దాకా రక్షణ ఉంది, అందులో థెరపీలూ వస్తాయి. దివ్యాంగులైన పిల్లల్ని పోషించే వాళ్లకు పాత విధానంలో ఆదాయపు పన్ను లెక్కల్లోనూ మినహాయింపు ఉంది. చాలామంది జీతగాళ్లకే ఈ సంగతి తెలియదు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 40 శాతం, అంతకుమించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య హక్కు. దగ్గర్లోని బడో, ప్రత్యేక పాఠశాలో ఎంచుకునే వీలు ఆ చట్టంలోనే ఉంది. ప్రాథమిక స్థాయిలో పదిమందికి, ఆపై తరగతుల్లో పదిహేను మందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సమగ్ర శిక్ష కింద ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. ప్రత్యేక పాఠశాల అందుబాటులో లేని మండలాల్లో తల్లిదండ్రులు కూడాల్సిన చోటు అదే. ఒక్కరు అడిగితే వినతిపత్రం, వందమంది అడిగితే అది కలెక్టర్ ముందు చర్చ అవుతుంది.

బడి నీడలో కాకుండా

సంఘాన్ని ప్రోత్సహించాల్సింది బడే. ఏలాల్సింది మాత్రం తల్లిదండ్రులు. ప్రిన్సిపల్ అధ్యక్షుడిగా ఉన్న చోట ఫీజుల గురించి, సిబ్బంది ప్రవర్తన గురించి ఎవరూ నోరు విప్పరు. ఏడుగురు సభ్యులుంటే సొసైటీగా రిజిస్టర్ చేసుకోవచ్చు. సొంత బ్యాంకు ఖాతా, ఏటా ఎన్నిక, అందరి ముందూ చదివే లెక్క ఉంటే నమ్మకం నిలుస్తుంది. జరిగింది నోటితో చెప్పలేని పిల్లలు చదివే బడిలో ఈ స్వతంత్రత మరీ అవసరం. తల్లిదండ్రులు ఏ పూటైనా తరగతిలోకి వచ్చి చూసే వీలు, ఫిర్యాదు వస్తే వినే కమిటీలో వాళ్లకు చోటు పిల్లల భద్రతకు గట్టి రక్ష.

అలాగని సంఘం ఉన్నది టీచర్ల మీద కాపలాకు కాదు. తక్కువ జీతంతో ఎక్కువ ఓపిక చూపే ఉద్యోగం వాళ్లది. శిక్షణ పొందిన ప్రత్యేక ఉపాధ్యాయులు ఒక బడిలో నిలవాలంటే వాళ్ల జీతాల కోసం, ఆయాల సంఖ్య కోసం మాట్లాడాల్సిందీ తల్లిదండ్రులే.

పద్దెనిమిదేళ్ల తర్వాత

‘మా తర్వాత వీడెవరికి?’ అన్న ప్రశ్న ఈ ఇళ్లన్నిటిలోనూ ఉంటుంది. బడి వయసు దాటాక ఆ ప్రశ్న ఇంకా దగ్గరవుతుంది. పద్దెనిమిదేళ్లు నిండితే చట్టం దృష్టిలో బిడ్డ మేజర్. బ్యాంకు పనులకూ ఆస్తి వ్యవహారాలకూ సాయం అవసరమైన వాళ్ల విషయంలో తల్లిదండ్రులు 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద చట్టబద్ధ సంరక్షకత్వం తీసుకోవచ్చు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు దీని పరిధిలోకి వస్తాయి. జిల్లా కలెక్టర్ స్థాయి అధికారి, నమోదైన సంస్థ ప్రతినిధి, ఒక దివ్యాంగ వ్యక్తి ఉండే స్థానిక స్థాయి కమిటీ దాన్ని పరిశీలించి ఇస్తుంది.

కాగితం కుదిరినా రోజు గడవాలి కదా. పేపర్ ప్లేట్లు, కొవ్వొత్తులు, నర్సరీ మొక్కలు, బేకరీ, ప్యాకింగ్ పనుల్లో శిక్షణ ఇచ్చే కేంద్రం, పగలు ఉండే చోటు, తల్లి ఆస్పత్రిలో చేరితే నాలుగు రోజులు చూసుకునే ఏర్పాటు, చివరికి కొందరు కలిసి ఉండే ఇల్లు... ఇవేవీ ఒక్క కుటుంబం తరం కావు. పదేళ్లు ఒకే వరండాలో కూర్చున్న కుటుంబాలు కలిసి స్థలం కొని, ట్రస్టు పెట్టి, తమ పిల్లలను ఒకరికొకరు అప్పగించుకోగలవు. ఒకరి బిడ్డ అలవాట్లు, భయాలు, ఇష్టాలు ఇంకొకరికి ముందే తెలిసి ఉంటాయి కాబట్టి ఆ అప్పగింతకు అర్థం ఉంటుంది. అందుకే బిడ్డను ప్రత్యేక పాఠశాలలో చేర్చే రోజునే అమ్మానాన్నలూ సంఘంలో చేరాలి, బడి వాళ్లను చేర్చుకోవాలి.