అంగడి వరుసలో ఆగిన సొమ్ము

బడులు తెరచు వారము. చెన్నపురిలో ఒక పుస్తకముల అంగడి ముందు తలిదండ్రులు వరుసగా నిలిచియుండిరి. నా ముందున్న తల్లి నోటుపుస్తకములకు 640 రూపాయలు ఫోనుతో చెల్లించెను. ఖాతాలో సొమ్ము తగ్గినట్లు ఆమెకు సందేశము వచ్చెను. అంగడిలోని పలుకుపెట్టె మాత్రము పలుకలేదు. కుర్రవాడు రాలేదనును, ఆమె పోయినదనును. వెనుకనున్నవారము విసుగుకొంటిమి (నేనును విసుగుకొంటిని). తుదకామె సిగ్గుపడి, మరల నగదిచ్చి వెడలిపోయెను.

ఆ యిరువురిలో అబద్ధమాడినవారు లేరు. 2016లో నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ ప్రవేశపెట్టిన ఈ యూ.పీ.ఐ. పద్ధతిలో, మన సొమ్ము నేరుగా వర్తకునికి పోదు. ఫోను కోరిక ఆ సంస్థ యంత్రములకు చేరును. అవి మన బ్యాంకును అడుగును. అది మన ఖాతాలో తగ్గించును. పిమ్మట వర్తకుని బ్యాంకు జమకట్టి బదులు చెప్పవలెను. అంతయు కొన్ని క్షణములలో జరుగును. ఆ చివరి బదులు రాకమునుపే గడువు తీరెనా, ఇక్కడ తగ్గినది అక్కడ చేరకపోవచ్చును.

అంగడిలో లెక్క తెగకపోవుట క్రొత్త గాదు. 1957 ఏప్రిల్ 1వ తేదీన నయాపైసలు వచ్చినపుడు అణాకు ఆరుంబావు నయాపైసలని తేలెను. ఆ పావునకు నాణెమే లేదు. అయినను అప్పటి చిక్కు కంటికి కనబడునది.

తలిదండ్రులు ఎరుగవలసినది 2019 సెప్టెంబరు 20వ తేదీ నాటి రిజర్వు బ్యాంకు ఉత్తరువు. వర్తకునికి చేరని సొమ్మును ఐదు దినములలోగా మన ఖాతాకు మరలింపవలెను. చిన్న అంగళ్లలో కొందరు సొంత ఖాతా గుర్తునే వ్రేలాడదీయుదురు. అది వ్యక్తికి పంపిన సొమ్ముగా ఎంచబడును గనుక గడువు మరుసటి దినమే. గడువు మీరిన ప్రతి దినమునకు 100 రూపాయల పరిహారము, మనము అడుగకయే రావలెను.

వరుసలో వాదులాడుటకంటె, ఫోనులో ఆ చెల్లింపు క్రింద కనబడు 12 అంకెల సంఖ్యను, సొమ్ము అందలేదను మాటను బిల్లు మీద వ్రాయించుకొని నగదిచ్చుట మేలు. సొమ్ము తరువాత వర్తకునికే చేరినచో ఆ బిల్లే ఆధారము. గడువు దాటినచో మన బ్యాంకునకు వ్రాయవలెను. 30 దినములలో సరియైన బదులు రానిచో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రుసుము లేకయే మొరపెట్టుకొనవచ్చును.

ఆ తల్లిని మొన్న బడి గుమ్మమువద్ద చూచితిని. మరునాడు ఫోనులో సొమ్ము అంగడికి చేరినదనియే చూపెనట. బిల్లు మీద ఏమియు వ్రాయించుకొనలేదు గనుక, అడిగిన నమ్ముదురో లేదో యని ఆమె ఇంకను పోలేదు.